వారం వంట ఒక్క పూటలో: సీమ వంటింట్లో ఫ్రీజర్ లెక్కలు

సంక్షిప్తంగా: ఒక్క పూట పొయ్యి దగ్గర నిలబడి వారానికి, నెలకు సరిపడా వండి ఫ్రీజర్‌లో దాచుకునే పద్ధతి కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలోకి వీడియోల దారిలో వచ్చింది. పద్ధతిలో తప్పు లేదు. అయితే అది పుట్టిన చోట ఉండే పెద్ద ఫ్రీజరు, చల్లటి వంటిల్లు, పోని కరెంటు ఇక్కడ అందరికీ లేవు. సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అర రోజుకు అర కిలో, ముప్పావు కిలో మించి సరిగ్గా గడ్డకట్టించలేదు. అందువల్ల ఈ ప్రాంతంలో పూర్తయిన వంటను దాచడం కంటే, వంటలో ఎక్కువ సేపు పట్టే సగాన్ని దాచుకోవడమే ఎక్కువ అక్కరకు వస్తుంది.

ఎక్కడి పద్ధతి, ఇక్కడికి ఎందుకు వచ్చింది

ఆహారాన్ని వేగంగా గడ్డకట్టించి అమ్మే వ్యాపారానికి ఆద్యుడిగా అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐని చెబుతారు. కెనడా తూర్పు తీరంలోని లాబ్రడార్‌లో ఉన్న రోజుల్లో, అక్కడి గడ్డకట్టే చలిలో పట్టిన చేప క్షణాల్లో రాయిలా మారడం, నెలల తర్వాత వండినా తాజా చేపలాగే ఉండటం అతను గమనించాడు. ఆ గమనింపును 1920లలో యంత్రంగా మలిచాడు. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో గడ్డకట్టిన ఆహారం అమ్మకానికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా ఇళ్లలో పెద్ద ఫ్రీజర్లు, వారానికోసారి కారులో వెళ్లి సరుకులు తెచ్చుకునే అలవాటు రెండూ కలిసి పెరిగాయి. నెల వంట ఒక్క రోజులో చేసి దాచుకోవడం ఆ జీవితంలోంచే పుట్టింది.

సీమ పట్టణాల్లో కూరగాయల కొనుగోలు ఇప్పటికీ రోజు మార్చి రోజు జరిగే పనే. 1999లో మొదలైన రైతుబజార్లు ఆ అలవాటును ఇంకా గట్టిపరిచాయి. పొద్దున కొన్న వంకాయ మధ్యాహ్నానికి కూరయ్యే చోట నిల్వ వంట అవసరమే పెద్దగా కనిపించలేదు. పరిస్థితి మారింది భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో. 2019లో పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. అలాంటి చోట్ల షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, పొద్దున్నే పక్క ఊరి బడికి బస్సెక్కే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరి కూర మొదలుపెట్టాలంటే ఓపిక ఉండదు. వీధి చివర కర్రీ పాయింటు ఉంది. కానీ రోజూ అక్కడి నూనె, కారం తినడం ఇష్టం లేనివాళ్లే ఫ్రీజరు వైపు చూస్తున్నారు.

గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఒక వీడియో ముప్పై రోజుల కూరలు ఒక్క ఆదివారంలో వండేయమంటుంది. అదే ఫోనులో ఇంకో సందేశం ఫ్రిజ్‌లో పెట్టిందల్లా విషమంటుంది. ఇంట్లో పెద్దలు సద్దన్నం బలమంటారు, ఫ్రిజ్‌లో రాత్రి అన్నం మాత్రం వద్దంటారు. ఈ మూడింటిలోనూ కొంత నిజముంది. మూడూ వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతున్నాయి కాబట్టే పొంతన కుదరదు.

చలి ఏం చేస్తుంది, ఏం చేయదు

గడ్డకట్టించడం సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర వాటి పెరుగుదల పూర్తిగా ఆగిపోతుంది. కరిగి వేడెక్కగానే మిగిలినవి మళ్లీ లేస్తాయి. కాబట్టి ఫ్రీజర్‌లోకి వెళ్లినప్పుడు కూర ఏ స్థితిలో ఉందో, బయటికి వచ్చినప్పుడు అంతకంటే మెరుగ్గా ఉండదు. సాయంత్రం వరకు గట్టు మీద ఉంచి, వాసన అనుమానంగా అనిపించాక ఫ్రీజర్‌లోకి తోసిన పప్పుకు ఆ పెట్టె ఏ మేలూ చేయలేదు.

రుచి, ఆకృతి చెడటానికి కారణం వేరే. ఆహారంలోని నీరు ఎక్కువగా మైనస్ 1 నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్య మంచుగా మారుతుంది. ఈ దశను కర్మాగారంలోని యంత్రం నిమిషాల్లో దాటిస్తుంది, ఇంటి ఫ్రీజరు గంటలు తీసుకుంటుంది. ఆ గంటల్లో మంచు స్ఫటికాలు పెద్దవై కూరగాయల కణాల గోడలను చీలుస్తాయి. బీరకాయ, సొరకాయ, దోసకాయ లాంటివి కరిగాక నీళ్లు వదిలి చప్పబడిపోయేది అందుకే. పప్పులో, పులుసులో చీల్చడానికి గోడలు మిగలవు. ఉడికి, మెదిగి అవి ముందే విరిగిపోయాయి. కాబట్టి అవి బాగా నిలుస్తాయి.

అన్నం సంగతి కొంచెం విచిత్రం. ఉడికినప్పుడు నీరు పీల్చుకుని మెత్తబడిన పిండి పదార్థం చల్లారేకొద్దీ మళ్లీ బిగుసుకుంటుంది. ఈ బిగుసుకోవడం అన్నిటికంటే వేగంగా జరిగేది ఫ్రిజ్ కింది అరల్లో ఉండే నాలుగు డిగ్రీల చుట్టూనే. ఫ్రీజర్‌లో నీరంతా గడ్డకట్టాక అది దాదాపు ఆగిపోతుంది. అంటే రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉన్న అన్నం గవ్వల్లా గట్టిపడుతుంది. వేడి తగ్గగానే పలచగా పొట్లం కట్టి ఫ్రీజర్‌లో పెట్టిన అన్నం, ఆవిరి తగలగానే చాలావరకు మొదటి మెత్తదనానికి వస్తుంది. చాలామంది దీనికి తలకిందులుగా అనుకుంటారు.

ఆగనిది ఒకటుంది. నూనెకు గాలి తగిలి సిక్కు వాసన పట్టడం ఫ్రీజర్‌లోనూ నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది, ఉప్పు దాన్ని ఇంకా తొందరపెడుతుంది. వేరుశెనగ నూనె, వేరుశెనగ పొడి లేకుండా కూర లేని ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. బుడ్డల పొడి దట్టించిన గుత్తి వంకాయ రెండు నెలలు దాటితే కమ్మదనం పోయి పాత నూనె వాసన పైకి వస్తుంది.

సింగిల్ డోర్ పెట్టె ఎంత మోయగలదు

వీడియోల్లో చూపించేది సాధారణంగా నిలువెత్తు డీప్ ఫ్రీజరు. సీమ మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 180 నుంచి 200 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్. దాని పై అర 15 నుంచి 20 లీటర్లు మాత్రమే. ఐస్ ముక్కలకు, పాల ప్యాకెట్లకు, పిల్లల ఐస్‌క్రీముకు పోను మిగిలే చోటు ఇంకా తక్కువ.

పరిమాణం కంటే ముఖ్యమైనది చల్లదనపు స్థాయి. ఫ్రీజరు తలుపు మీద గానీ, వెంట వచ్చే పుస్తకంలో గానీ మంచు నక్షత్రాల గుర్తు ఉంటుంది. ఒక నక్షత్రం ఉంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18 డిగ్రీలని అర్థం. నాలుగుంటే మైనస్ 18 దగ్గర దాచడమే కాక, కొత్తగా పెట్టిన వస్తువును గడ్డకట్టించే శక్తి కూడా ఉందని అర్థం. మైనస్ 6 దగ్గర వండిన పదార్థం వారం, మైనస్ 12 దగ్గర నెల, మైనస్ 18 దగ్గర మూడు నెలలు అన్నది పాత మోటు లెక్క. తలుపు మీద పెద్దగా అంటించి ఉండే రంగురంగుల నక్షత్రాల స్టిక్కరు ఇది కాదు. అది కరెంటు ఎంత ఆదా అవుతుందో చెబుతుంది, చలి గురించి ఒక్క ముక్కా చెప్పదు. ఐదు నక్షత్రాల ఫ్రిజ్ కొన్నాం కదా, మూడు నెలలు నిలుస్తుందనుకోవడం అందరూ చేసే పొరపాటు, కొట్లో ఎవరూ సరిదిద్దని పొరపాటు.

ఇంకో గుర్తు వాతావరణ తరగతిది. ఉష్ణ ప్రాంతాలకు ఉద్దేశించిన టీ తరగతి ఫ్రిజ్ చుట్టూ 43 డిగ్రీల వేడి ఉన్నంతవరకు సరిగ్గా పనిచేసేలా తయారవుతుంది. ఎస్‌టీ తరగతి 38 వరకే. మే నెలలో కర్నూలు, కడప పట్టణాల్లో బయటి ఉష్ణోగ్రత ఈ అంచులను తాకుతుంది, కొన్ని రోజులు దాటుతుంది. రేకుల కప్పు కింద, పొయ్యి పక్కన, గోడకు ఆనించి పెట్టిన ఫ్రిజ్ చుట్టూ గాలి ఇంకా వేడిగా ఉంటుంది. మోటారు ఆగకుండా తిరుగుతున్నా ఐస్‌క్రీము మెత్తగానే ఉంటే, ఆ అర మైనస్ 18కి చేరడం లేదన్నమాట.

ఇప్పుడు బరువు లెక్క. ఒక కిలో కూరను 35 డిగ్రీల నుంచి మైనస్ 18కి చేర్చాలంటే సుమారు 400 కిలోజౌళ్ల వేడిని బయటికి లాగాలి. అందులో సగానికి పైగా నీరు మంచుగా మారే ఆ ఒక్క మెట్టు దగ్గరే ఖర్చవుతుంది. కరెంటు బిల్లు పరంగా ఇది పెద్ద భారం కాదు. ఐదు కిలోలకు కలిపి అర యూనిట్టు అటూ ఇటూ. చిక్కంతా వేగంలో ఉంది. చిన్న మోటారు ఆ వేడిని లాగడానికి గంటల తరబడి తీసుకుంటుంది. ఈలోగా పక్కనే అప్పటికే గడ్డకట్టి ఉన్న డబ్బాలు మెత్తబడతాయి. అందుకే ఫ్రీజర్‌లో ప్రతి 28 లీటర్ల చోటుకు రోజుకు కిలో, కిలోంబావు మించి కొత్త ఆహారం పెట్టకూడదన్నది ఆహార నిల్వ నిపుణులు ఏనాటి నుంచో చెబుతున్న కొలత. ఆ లెక్కన 18 లీటర్ల అరకు రోజుకు అర కిలో నుంచి ముప్పావు కిలో వస్తుంది. రెండు తలుపుల ఫ్రిజ్‌లో 50 లీటర్లకు పైగా ఫ్రీజరు ఉంటే రెండు కిలోల దాకా పోవచ్చు.

ఈ ఒక్క అంకె చాలు, 'ఒక్క ఆదివారం, ముప్పై కూరలు' అన్న మాట ఇక్కడి చాలా ఇళ్లలో ఎందుకు కుదరదో తెలుస్తుంది. అదే అంకె ఇంకో దారి కూడా చూపిస్తుంది. రోజూ వండే కూరనే కొంచెం ఎక్కువ వండి, అర కిలో పక్కకు తీసి పెడితే పది రోజుల్లో పెట్టె నిండుతుంది, దేన్నీ మెత్తబరచకుండా.

పొట్లం ఆకారం కూడా వేగాన్ని మారుస్తుంది. మందం సగానికి తగ్గితే గడ్డకట్టే సమయం సగం కంటే బాగా తక్కువకు దిగుతుంది. గుండ్రటి లోతు డబ్బాలో పోసిన పప్పు మధ్యలో పొద్దుటికి కూడా గుజ్జుగానే ఉండవచ్చు. అదే పప్పును జిప్ కవరులో పోసి, గాలి పోయేలా నొక్కి, వేలెడు మందాన పళ్లెంలో పరిచి పెడితే కొన్ని గంటల్లో పలకలా బిగుస్తుంది. తర్వాత ఆ పలకలను పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. డబ్బాయే వాడాలనుకుంటే స్టీలుది మేలు. నీరు మంచైతే తొమ్మిది శాతం ఉబ్బుతుంది కాబట్టి పైన వేలెడు ఖాళీ వదలాలి. నిండుగా పోసిన గాజు సీసా పగులుతుంది.

వేసవిలో ప్రమాదం పొయ్యి దించాకే

వండిన ఆహారం 60 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దిగే దారిలో సూక్ష్మజీవులకు అనువైన కాలం ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచవద్దన్నది సాధారణ నియమం. గది 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. సీమలో మార్చి నుంచి జూన్ దాకా వంటిల్లు దాదాపు ఎప్పుడూ 32 పైనే ఉంటుంది. రెండు గంటల నియమం ఇక్కడ మూడు నాలుగు నెలలు వర్తించదన్నమాట.

పెద్ద పాత్రలో మాంసం కూరలకు ప్రత్యేకంగా ఒక ముప్పు ఉంది. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజాలు మరిగించినా చావవు. గాలి తగలని కూర అడుగున, 43 నుంచి 47 డిగ్రీల దగ్గర, అవి పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలవు. ఐదు కిలోల మటన్ గిన్నె మూత పెట్టి మే నెల మధ్యాహ్నం గట్టు మీద వదిలేస్తే, లోపలి కూర ఆ వేడిలో గంటల తరబడి ఉంటుంది. పెళ్లి భోజనాల తర్వాత మిగిలిన కూర తిని అవస్థ పడే సందర్భాల్లో ఈ జీవి పాత్ర ఉండటం అరుదు కాదు. ఒకేసారి భారీగా వండటం అంటే ఇంట్లో చిన్న పెళ్లి వంట పెట్టుకోవడమే కాబట్టి ఆ జాగ్రత్తలే కావాలి. కూరను వెడల్పాటి తాంబాళాల్లోకి రెండు అంగుళాల లోతుకు మించకుండా వంచి, వాటిని చల్లటి నీళ్ల తొట్టిలో నిలిపి, మధ్యమధ్య కలపాలి. ఐస్ ముక్కలుంటే నీళ్లలో వేయాలి. ఆవిరి తగ్గగానే చిన్న పొట్లాలుగా చేసి ముందు ఫ్రిజ్‌లోకి, పూర్తిగా చల్లబడ్డాక ఫ్రీజర్‌లోకి పంపాలి.

అన్నానికి వేరే శత్రువు ఉంది. బాసిల్లస్ సీరియస్ బీజాలు కూడా ఉడికించినా బతుకుతాయి. గది వేడిలో గంటలపాటు ఉన్న అన్నంలో అవి వాంతులు తెచ్చే విషాన్ని వదులుతాయి. ఆ విషం ఎంత వేడి చేసినా విరగదు. రాత్రి వంటింట్లో మిగిలిన అన్నాన్ని పొద్దున చిత్రాన్నం కలపడం చాలాసార్లు ఏమీ చేయదు, ఎప్పుడో ఒకసారి చేస్తుంది.

మరి సద్దన్నం? అందులో అన్నం నీళ్లలో మునిగి, రాత్రంతా పులుస్తుంది. పులుపు పుట్టించే లాక్టిక్ ఆమ్ల సూక్ష్మజీవులు ముందు వచ్చి చోటును ఆక్రమిస్తాయి, పెరిగిన పులుపు మిగతావాటిని అణచివేస్తుంది. అది పద్ధతిగా పులియబెట్టిన ఆహారం. మూత పెట్టి మర్చిపోయిన అన్నం అది కాదు. పులుసును పొద్దున, సాయంత్రం మరిగించి మూడు రోజులు వాడుకునే పాత అలవాటులోనూ తర్కం ఉంది. ప్రతిసారీ కొత్తగా మొలకెత్తిన జీవులు చస్తాయి, చింతపండు పులుపు సాయపడుతుంది. చప్పటి పప్పుకు ఆ రక్షణ లేదు.

సీమ వంటల్లో ఏది నిలుస్తుంది

ఉలవ కట్టును దగ్గరగా చూస్తే నిల్వ వంట తర్కమంతా అందులో కనిపిస్తుంది. అర కిలో ఉలవలు రాత్రంతా నానాలి. కుక్కరులో మెత్తబడటానికి ముప్పావు గంట దాకా పడుతుంది. చిక్కటి కట్టును వంచి, గింజలను కొంచెం మెదిపి మళ్లీ పిండాలి. ఇంతవరకు పట్టే కాలమే అసలు కాలం. ఆ తర్వాత చింతపండు పులుసు కలిపి, జీలకర్ర వెల్లుల్లి దంచి వేసి, ఎండుమిరపకాయల తిరగమాత పెట్టడం పావుగంట పని. కాబట్టి ఫ్రీజర్‌లోకి వెళ్లాల్సింది కట్టు మాత్రమే, పులుసు, తిరగమాత లేకుండా. కరిగినప్పుడు పైన నీళ్లు తేరి, అడుగున ముద్ద చేరి విరిగిపోయినట్టు కనిపిస్తుంది. పారబోయనక్కర్లేదు. సన్నటి మంట మీద రెండు పొంగులు రాగానే మళ్లీ ఒకటవుతుంది. మిగిలిన గింజలు గుగ్గిళ్లకు పోతాయి, లేదా అవి కూడా పొట్లంగా పడుకుంటాయి.

తిరగమాతను వెనక్కి ఉంచడానికి రుచి కారణం కూడా ఉంది. వెల్లుల్లి, లవంగం, మిరియం ఫ్రీజర్‌లో ఉండేకొద్దీ ఘాటెక్కి కొంచెం చేదు తేలతాయి. ఉల్లిపాయ వాసన మారుతుంది. ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది. మసాలాలు కలిపిన గ్రేవీలకు కాలక్రమంలో ముక్కిపోయిన వాసన రావచ్చు. వండేటప్పుడు ఇవన్నీ సగమే వేసి, వేడి చేసేటప్పుడు మిగతా సగం తాజాగా వేస్తే ఇంట్లోవాళ్లు తేడా కనిపెట్టడం కష్టం.

నాటుకోడి పులుసు, మటన్ కూర ఇదే దారిలో నడుస్తాయి. నాటుకోడి మెత్తబడటానికి పట్టే గంట ఒక్కసారే ఖర్చు పెడితే మూడు పూటల కూర సిద్ధం. ముక్కలు రసంలో మునిగి ఉండాలి. గాలికి తేలిన ముక్క మీద తేమ ఆవిరై తెల్లటి ఎండు మచ్చలు వస్తాయి. అవి చెడిపోయిన గుర్తులు కావు, పీచులా నమిలించేవి మాత్రం. కూరలో ఉర్లగడ్డ వేసే అలవాటున్నవాళ్లు దాచే భాగంలో వేయకూడదు. గడ్డకట్టి కరిగిన బంగాళాదుంప ఇసుక పొడిలా విరుగుతుంది.

ఉడికించిన శనగలు, అలసందలు, కందిపప్పు ముద్ద, నూనెలో వేయించిన గోంగూర గుజ్జు, అల్లం వెల్లుల్లి ముద్ద ఐస్ ట్రేలో ముక్కలుగా, చింతచిగురు దొరికే వేసవి రోజుల్లో దాని ముద్ద, ఇవన్నీ ఫ్రీజర్‌కు తగినవి. ఓళిగల పూర్ణం చక్కగా నిలుస్తుంది. పండగ ముందు రోజు శనగపప్పు, బెల్లం రుబ్బే పనిని నెల ముందే ముగించవచ్చు. బనగానపల్లె మామిడి గుజ్జు సంగతి వేరే చెప్పాలా, జూన్ దాటాక దాని విలువ తెలుస్తుంది.

టమాటా మాత్రం విడిగా చెప్పుకోవాల్సిన సరుకు. పత్తికొండ మార్కెట్‌లో ధర కూలి రైతు గంపలు రోడ్డు పక్కన కుమ్మరించిన సంవత్సరాలున్నాయి. 2023 జూలైలో అదే టమాటా కిలో వంద రూపాయలు దాటింది. ధర పడిపోయిన వారంలో ఐదు కిలోలు కొని, ఉల్లిపాయలతో వేయించి, నీరంతా ఇంకేదాకా దగ్గరకు చేస్తే సగం కంటే తక్కువ పరిమాణంలో చిక్కటి ముద్ద మిగులుతుంది. చోటు తక్కువ, విలువ ఎక్కువ. పులుపు వల్ల భద్రతా ఎక్కువే. ఇరుకు ఫ్రీజర్‌లో ఒకే ఒక్క వస్తువుకు చోటుంటే అది ఈ ముద్దకే ఇవ్వాలి.

ఇక పనికిరానివి. రాగి సంగటి ముద్ద గడ్డకట్టి కరిగితే చుట్టూ నీళ్లు ఊరి, లోపల పొడిపొడిగా చీలుతుంది. ఎంత కెలికినా మొదటి జిగి రాదు. అయినా అది అరగంటలో అయ్యే వంట. ఉగ్గాణి ఇంకా తొందర, బొరుగులు నానడమే ఆలస్యం. మజ్జిగ పులుసు విరుగుతుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరవుతుంది. ఇలాంటివి దాచుకునే ప్రయత్నమే అనవసరం, ఎందుకంటే వాటిలో దాచుకోదగ్గ కాలం లేదు.

ఫ్రీజరు అక్కర్లేని నిల్వ

ఈ ప్రాంతానికి నిల్వ వంట కొత్త కాదు. వానలు తక్కువ, గాలి పొడి, ఎండ ధారాళం. అనంతపురం జిల్లా దేశంలోనే అతి తక్కువ వర్షం పడే ప్రాంతాల్లో ఒకటి. ఇక్కడి పాత వంటిల్లు ఆ పొడి గాలినే నిల్వ సాధనంగా వాడుకుంది. కరకరలాడేలా ఆరబెట్టిన జొన్న, సద్ద రొట్టెలు, బుడ్డల పొడి, కరివేపాకు పొడి, ఎండబెట్టిన గోరుచిక్కుడు, మిరపకాయల వరుగులు, వడియాలు. వీటిలో సూక్ష్మజీవులకు అందే నీరు ఉండదు. ఫ్రీజరు నీటిని మంచుగా బంధిస్తే, ఎండ నీటినే తీసేస్తుంది. ఫలితం ఒకటే, కరెంటు అక్కర్లేదు. కాబట్టి ఫ్రీజర్‌లో రొట్టెలు, పొడులు నింపి చోటు వృథా చేయడం అర్థం లేని పని. పొడి గాలి ఇవ్వలేనిది తడి వంటను దాచే వీలు ఒక్కటే. ఆ ఖాళీ నింపడానికే పెట్టె కావాలి.

కరెంటు పోతే

తొలకరికి ముందు మే, జూన్ నెలల గాలివానలకు స్తంభాలు ఒరిగి, తీగలు తెగి గంటల తరబడి కరెంటు లేకపోవడం సీమ పల్లెల్లో మామూలే. తలుపు తెరవకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లదనాన్ని కాపాడగలదంటారు. ఈ లెక్క మందపాటి గోడల పెద్ద ఫ్రీజర్లది, చల్లటి గదులది. సింగిల్ డోర్ పై అరకు, నలభై డిగ్రీల వేడిలో అందులో చిన్న భాగమే నమ్మాలి. ఖాళీ చోటును నీళ్ల సీసాలతో నింపి ఉంచితే ఆ మంచు కొంత సేపు కాపలా కాస్తుంది.

ఊరెళ్లి వచ్చాక మధ్యలో కరెంటు పోయిందో లేదో తెలుసుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో వదలాలి. తిరిగి వచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే సరే. అడుగున ఉంటే అంతా ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, మాంసం కూరలు పారేయాలి. పొట్లంలో ఇంకా మంచు పలుకులు మిగిలి ఉండి, పట్టుకుంటే ఫ్రిజ్ అంత చల్లగా ఉంటే మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు, రుచి కొంత తగ్గుతుంది.

ఎవరి ఆదివారం ఖర్చవుతోంది

వంట సమయం ఆదా అవుతుందన్న మాటను కొంచెం నిలదీయాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే మహిళలు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు వాటి మీద గడిపితే, అలాంటి పనులు చేసే పురుషులు 97 నిమిషాలు గడిపారు. ఒకేసారి వండటం కొన్ని పనులను నిజంగానే తగ్గిస్తుంది. కుక్కరు నాలుగుసార్లకు బదులు ఒకసారి ఎక్కుతుంది, మిక్సీ ఒకసారి కడుగుతారు, గ్యాసు మిగులుతుంది. కానీ ఉల్లిపాయలు ఒలవడం, వెల్లుల్లి తీయడం, గోంగూర ఆకు గిల్లడం పరిమాణంతో పాటు పెరిగే పనులు, వాటిలో ఆదా లేదు. పని మొత్తం సోమవారం నుంచి శనివారం దాకా పరుచుకున్నది కాస్తా ఆదివారం మీద పడుతుంది. ఇంట్లో మిగిలిన వాళ్లకు సెలవు ఉన్న రోజు అదే. కోతలు, ఒలుపులు నలుగురూ పంచుకునే ఇంట్లో ఈ పద్ధతి నడుస్తుంది. ఒక్కరి భుజాల మీదే ఉన్న ఇంట్లో రెండో నెలకల్లా ఆగిపోతుంది. వీడియోలు మొదటి ఆదివారాన్ని మాత్రమే చూపిస్తాయి.

బెంగళూరు దారిలో వెళ్లే డబ్బాలు

సీమలో గడ్డకట్టించిన వంటకు ఇంకో గిరాకీ ఉంది, వీడియోల్లో దాని ప్రస్తావన రాదు. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, బస్సులో నాలుగైదు గంటలు. అక్కడ ఉద్యోగం, చదువుల్లో ఉన్న పిల్లలకు అమ్మ వండిన నాటుకోడి పులుసు, ఉలవ కట్టు వెళ్లే దారి ఇదే. బాగా గడ్డకట్టిన రెండు కిలోల కూరను ఒకదానికొకటి ఆనేలా పేర్చి, కాగితాలు నాలుగైదు పొరలు చుట్టి, పైన దుప్పటి కప్పి థర్మోకోల్ పెట్టెలో పెడితే రాత్రి బస్సు ప్రయాణానికి తట్టుకుంటుంది. విడివిడి పొట్లాలుగా సంచిలో వేస్తే తట్టుకోదు. పగటి పూట, బస్సు కింది సామాను అరలో అసలే తట్టుకోదు.

అక్కడికి చేరాక గదిలో ఉన్నది నలుగురు పంచుకునే చిన్న ఫ్రిజ్ అయితే, ఆ కూరను మళ్లీ గడ్డకట్టించే ఆలోచన మానుకోవాలి. కింది అరలో పెట్టి మూడు రోజుల్లో, ప్రతిసారీ కావాల్సినంతే తీసుకుని పూర్తిగా మరిగించి తినేయాలి. అంటే పంపాల్సింది నెలకు సరిపడా కాదు, మూడు రోజులకు సరిపడా. మిగిలిన చోటులో బుడ్డల పొడి, ఆరిన జొన్న రొట్టెలు వెళ్తాయి.